గణితవిద్వాంసుడగు శ్రీనివాస రామానుజుని జీవితము



వార్షిక మహాసభ జరుగు ప్రతి పర్యాయమును వెలువడు సంచికయందు కీర్తిశేషులగు మహనీయుల చరిత్రములను ప్రకటించుట మన సంఘమున ఆచారమై యున్నది. ఈ పర్యాయము మేము గణితశాస్త్రమున లోకవిఖ్యాతుడైన శ్రీనివాస రామానుజుని జీవితమును వ్రాయబూనితిమి. ఆతడు మన కులమువాడు కాడు. ఆతని మాతృభాష తెలుగును కాదు. అట్లయ్యును ఈ చరిత్రమును ఇచ్చట చేర్చుటకు మూడు కారణములు గలవు. విద్వాంసుడు సర్వజనులకును సొత్తు అనునది మొదటిది. ఆతని జీవితమందలి గొప్ప మలుపు తెలుగునేలపై నెల్లూరిలో కలిగినదనునది రెండవది. మూడవది మన పిల్లలకు సంబంధించినది గావున దానిని కొంత విస్తరించి చెప్పెదము.

మన యిబ్రహీంపట్నపు పరిసరములందు నేడు ఇంజనీరింగు కళాశాలలు పెక్కు వెలసినవి. పదవ తరగతి ముగియగానే పిల్లలను ప్రవేశపరీక్షల చదువునకు పంపుట ఇంటింట వాడుక. అట్టి పిల్లలలో ఒకడు పదునాఱవ యేటనో పదునేడవ యేటనో గణితమునందు నిజమైన అభిరుచి కలిగి, గణిత ఒలింపియాడ్ అను పోటీకి సిద్ధపడగోరినచో, కాలము మించిపోయినదని పెద్దలు వానిని మరలింతురు. చిన్ననాటి నుండి శిక్షణ పొందిన నగర విద్యార్థులతో వీడు సమానుడగుట యెట్లని వారి సంశయము. ఆ సంశయము నిరాధారమని మేము చెప్పజాలము. ఆ పోటీ కఠినమైనది. సర్వరాష్ట్రముల గణిత ఒలింపియాడ్ 1959లో రుమేనియా దేశమున ఆరంభమైనది. మన దేశమున జాతీయ స్థాయి పోటీ 1986లో మొదలయ్యెను. 1989 నుండి భారత విద్యార్థులు అంతర్జాతీయ పోటీకి వెళ్లుచున్నారు. అచ్చట రెండు దినములలో, దినమునకు నాలుగున్నర గంటల చొప్పున, ఆఱు ప్రశ్నలకు సమాధానము వ్రాయవలెను. ఇరువది యేండ్లు నిండినవారికిని, విశ్వవిద్యాలయమున చేరినవారికిని ప్రవేశము లేదు. కావున ఇంటర్మీడియట్ చేరిన తరువాత మేల్కొన్న విద్యార్థికి మిగులు అవకాశములు ఒకటి రెండు మాత్రమే.

ఐనను ఆలస్యముగ ఆరంభించుట ఒకటి, ఆరంభింపకుండుట మఱియొకటి. ఈ భేదమును గ్రహించుటకు రామానుజుని జీవితమును మించిన ఉదాహరణము మాకు కనబడలేదు.

రామానుజుడు 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన ఈరోడు పట్టణమున మాతామహుల యింట జన్మించెను. తండ్రి శ్రీనివాసయ్యంగారు కుంభకోణమున ఒక బట్టల దుకాణమునందు గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్. సంసారము బీదది గావున వారు ఇంటిలో ఒకరిద్దరు కళాశాల విద్యార్థులకు బస యిచ్చి, ఆ పైకముతో కొంత గడుపుకొనుచుండిరి. 1898లో బాలుడు కుంభకోణపు టౌను హైస్కూలున చేరెను. ఇంట బసచేసిన విద్యార్థులు తమకు తెలిసినంత గణితము వానికి చెప్పిరి; కొలదికాలములోనే వారియొద్ద చెప్పదగినది మిగులలేదు. పదుమూడేండ్లు నిండకముందే లోనీ అను ఆంగ్లేయుడు రచించిన త్రికోణమితి గ్రంథమును ఆతడు ఎరవు తెచ్చుకొని స్వయముగ అభ్యసించెను. బడిలో పెద్ద ఉపాధ్యాయుడు పాఠముల కాలపట్టిక తయారుచేయునప్పుడు ఈ బాలుని సాయము కోరుచుండెడివాడు.

ఇంతవరకు ఆతడు తెలివిగల బడిపిల్లవాడు మాత్రమే. 1903వ సంవత్సరమున, హైస్కూలు చదువు ముగియవచ్చిన సమయమున, పదునాఱవ యేట, ఆతని చేతికి ఒక గ్రంథము చిక్కినది. కార్ అను ఉపాధ్యాయుడు కూర్చిన ఆ గణితసంగ్రహమును కళాశాల గ్రంథాలయము నుండి స్నేహితులు తెచ్చి యిచ్చిరి. ఇచ్చట మన విద్యార్థులు గమనింపదగిన విషయమొకటి గలదు. ఆ కార్ గారు లండను నగరమున ప్రత్యేకముగ శిక్షణ చెప్పి జీవించినవాడు. కేంబ్రిడ్జిలో ట్రైపాస్ అను ప్రసిద్ధమైన గణితపు పోటీపరీక్షకు విద్యార్థులను సిద్ధపఱచునప్పుడు వ్రాసికొన్న సంగ్రహములే ఆ గ్రంథమునకు మూలము. అనగా లోకమున మహాగణితజ్ఞునిగ పేరొందిన వానికి మొదటి గురువు ఒక పోటీపరీక్షల పుస్తకము; దానిని ఆతడు తెఱచినది హైస్కూలు చదువు తుదిని.

ఆ గ్రంథమున ఇంచుమించుగ ఐదువేల ఫలితములు వరుసగ చెప్పబడినవి. ఉపపత్తులు చాలవఱకు లేవు. ఉన్నవియు ఒకటి రెండు మాటలలో సూచింపబడినవి. మన సూత్రగ్రంథములకును భాష్యమునకును గల సంబంధ మెట్టిదో సంస్కృతము చదివినవా రెఱుగుదురు. సూత్రము మాత్రమే చేతికి వచ్చినవాడు భాష్యమును తానే రచించుకొనవలెను. రామానుజుడు అట్లే చేసెను. ప్రతి ఫలితమును తన స్వంతమార్గమున సాధించి, దాని పొరుగున మఱికొన్ని ఫలితములను కనుగొని, వానిని పుస్తకములలో వ్రాసికొనసాగెను. కాగితము కొన శక్తి లేమిచే పలకమీద లెక్కచేసి, మోచేతితో తుడిచి, తేలిన ఫలితమును మాత్రము పుస్తకమున నెక్కించెడివాడు. ఆలస్యముగ ఆరంభించిన వానికి ఇందు మొదటి పాఠము గలదు. సమాధానములతో కూడిన పుస్తకములు పది చదువుటకంటె, సమాధానమును చేతితో కప్పి ఒక పుస్తకమును తానే సాధించుట మేలు. ప్రవేశపరీక్షలు వేగమును కోరును. గణితపు పోటీ ఒక ప్రశ్నయొద్ద గంటసేపు కూర్చుండు ఓర్పును కోరును. పై తరగతులందలి కలనగణితము కూడ అచ్చట అక్కఱలేదు. బీజగణితము, సంఖ్యాశాస్త్రము, క్షేత్రగణితము, ఎంపికలను లెక్కించు గణితము, ఈ నాలుగే దానికి పునాదులు.

1904లో రామానుజుడు హైస్కూలు చదువు ముగించి, గణితమునకు రంగనాథరావు బహుమానమును పొందెను. కుంభకోణపు ప్రభుత్వ కళాశాలయందు విద్యార్థివేతనమును దొరకెను. ఇచ్చటినుండి కష్టకాలము మొదలయ్యెను. గణితము తప్ప వేఱు విద్యలయందు ఆతని మనస్సు నిలువదయ్యెను. ఇంగ్లీషులో తప్పుటచే విద్యార్థివేతనము పోయెను. ఆ పరాభవమును సహింపజాలక 1905లో ఎవ్వరికిని చెప్పకుండ ఇల్లు విడిచి మన విశాఖపట్టణమునకు వెడలిపోయెను. తల్లిదండ్రులు వెదకించి మరల ఇంటికి చేర్చుకొనిరి. 1906లో మదరాసు పచ్చయప్ప కళాశాలయందు చేరి, ఎఫ్.ఏ. పరీక్షయందు ఆ సంవత్సరము డిసెంబరులో తప్పెను. 1907లో ప్రైవేటుగ వ్రాసి మరల తప్పెను. శరీరశాస్త్రము ఆతనికి విశేషముగ శత్రువైనది. అంతటితో కళాశాల తలుపులు మూసికొనినవి.

ఈ భాగమును పోషకులును విద్యార్థులును ఇరువురును ఆలోచింపవలెను. ప్రతిభావంతుడు పరీక్షయందు తప్పినను దోషము లేదని విద్యార్థులు దీనిని అర్థము చేసికొనరాదు. ఇతర విద్యలను విడిచినందున ఆతడు చెల్లించిన మూల్యము మిక్కిలి గొప్పది. నేటి పిల్లవాడు ఒలింపియాడ్ కొఱకు చదువుచు ఇంటర్మీడియట్ పరీక్షను పాడుచేసికొనినచో, ఆ పిల్లవానికి హార్డీవంటి వాడు దొరకునను నమ్మకము లేదు. దినమునకు రెండుగంటలు నియమముగ దీనికి కేటాయించి, తక్కిన కాలమును బడిచదువునకు విడుచుట క్షేమమైన మార్గము.

1907 మొదలు 1910 వఱకు రామానుజుని జీవితము ఎవ్వరికిని తెలియని చీకటిలో గడచెను. 1909లో జానకి అను బాలికతో వివాహమయ్యెను. సంసారభారము పైబడుటచే ఉద్యోగము వెదకుట తప్పదయ్యెను. అచ్చటచ్చట పిల్లలకు గణితము చెప్పి నాలుగు రూకలు సంపాదింపజూచెను. చంకలో రెండు పెద్దపుస్తకములు, చేతిలో పట్టము లేదు, మాటలాడుటకు జంకు. అట్టి వాని విద్యను గుర్తింపగలవా రెవ్వరు?

ఈలోగా మన అనంతపురము జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగ నుండిన వి. రామస్వామయ్యరుగారు గణితాభిమానులను కొందఱిని కూర్చి 1907లో ఒక సంఘమును స్థాపించిరి. అదియే తరువాత భారత గణితసంఘమని ప్రసిద్ధికెక్కినది. 1910లో రామస్వామయ్యరుగారు తిరుక్కోయిలూరున నుండగా, రామానుజుడు వారియొద్దకు పోయి తాలూకా కచ్చేరిలో గుమాస్తాపని యిప్పింపుమని వేడెను. వారు ఆ పుస్తకములను తిరుగవేసి, ఇట్టి బుద్ధిని కచ్చేరి కాగితములక్రింద అణచివేయుటకు మనసొప్పక, మదరాసునందలి మిత్రులకు ఉత్తరములిచ్చి పంపిరి. అట్లు చేతులు మారి మారి, శేషయ్యరుగారి ఉత్తరము మూలమున, 1910వ సంవత్సరము డిసెంబరులో ఆతడు నెల్లూరు కలెక్టరుగ నుండిన దివాన్ బహదూర్ రామచంద్రరావుగారి సమక్షమునకు వచ్చెను.

రామచంద్రరావుగారు స్వయముగ గణితజ్ఞులు, గణితసంఘమునకు కార్యదర్శులు. మొదటి దర్శనముననే వారికి నమ్మకము కలుగలేదు. పుస్తకములందలి విషయము తాము చదివినవానికన్న దూరముగ నున్నది. ఇది నిజమైన విద్యయో, కపటమో నిర్ణయింపజాలరైరి. ఐనను తోసివేయక, మరల మరల పిలిపించి వినిరి. రామానుజుడు తెలిసిన విషయములనుండి ఆరంభించి మెట్టుమెట్టుగ తెలియని వానియొద్దకు కొనిపోగా, చివరకు వారికి సంశయము తీఱినది. ఏమి కావలెనని యడుగగా, ఆతడు కోరినది తిండికి చింతలేక గణితము చేసికొనుటకు వలసిన జీవనభృతి మాత్రమే. కలెక్టరుగారు నెలకు ఇరువదియైదు రూపాయలు తమ సొంతసొమ్మునుండి యిచ్చుచు, మదరాసున నిలిపిరి.

ఇచ్చట ఒక లెక్కను మనము వేయవలెను. కార్ గ్రంథము చేతికి వచ్చినది 1903లో. విద్య యెఱిగిన పోషకుడు దొరకినది 1910 చివరను. నడుమ ఏడేండ్లు. రామానుజుడు జీవించినదే ముప్పదిరెండేండ్లు. జీవితమున ఐదవవంతునకు మించిన కాలము దిక్కులేక గడచినది. పదునాఱవ యేట ఆరంభించుట ఆతనికి ఆలస్యము కాలేదు. ఆతని ఎడల ఆలస్యము చేసినవారు ఆతని చుట్టునుండిన పెద్దలు. మేము ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్యాంశ మిదియే.

పోషకుడు దొరకిన మఱుసటి సంవత్సరముననే ఫలము కనబడినది. 1911లో గణితసంఘపు పత్రికయందు ఆతని మొదటి వ్యాసము ప్రకటింపబడినది. ఆ పత్రికలో పాఠకులకు ప్రశ్నలిచ్చి సమాధానములు కోరు శీర్షిక యుండెడిది. ఆ కాలమున మన దేశపు గణితాభిమానులకు అదియే పోటీరంగము. రామానుజుడు దానికి పంపిన తొలి ప్రశ్నలలో ఒకటి హైస్కూలు విద్యార్థికిని అర్థమగునది. ఒకటికి రెండింతల వర్గమూలమును కలిపి, ఆ వర్గమూలములోపల ఒకటికి మూడింతల వర్గమూలమును కలిపి, దానిలోపల నాలుగింతలు, ఐదింతలు, ఇట్లు అంతములేక పోనిచ్చి, మొత్తమునకు వర్గమూలము తీసినచో విలువ యెంత అని ప్రశ్న. ఆఱునెలలు గడచినను ఎవ్వరును సమాధానము పంపలేదు. సమాధానము 3 మాత్రమే.

దాని మర్మమును చూడుడు. 3 అనగా 9 యొక్క వర్గమూలము. 9 అనగా 1 + 2 × 4. ఆ 4 అనగా 16 యొక్క వర్గమూలము. 16 అనగా 1 + 3 × 5. ఆ 5 అనగా 25 యొక్క వర్గమూలము. 25 అనగా 1 + 4 × 6. ఇట్లే సాగింపవచ్చును. ఒక సంఖ్య వర్గమునుండి ఒకటి తీసివేసినచో, దానికి క్రిందిసంఖ్యయు పైసంఖ్యయు గుణింపగా వచ్చినది మిగులును. తొమ్మిదవ తరగతి పిల్లవాడెఱిగిన బీజగణితసూత్రమే యిది. క్రొత్తవిద్య యేదియు లేదు. తెలిసిన దానిని లోపలినుండి చూచుట మాత్రమే గలదు. ఆలస్యముగ వచ్చిన విద్యార్థికి ఇంతకన్న ధైర్యము వేఱేమి కావలెను? ఐనను ఒక హెచ్చరిక. అంతములేని ఈ వరుస ఒక విలువయొద్ద నిలుచునని చూపుట వేఱుపని. ఇట్టి వరుసలు ఎప్పుడు నిలుచునో తెలుపు నియమమును తరువాత విజయరాఘవన్ అను గణితజ్ఞుడు నిరూపించెను. సమాధానము తోచుట సగము. ఉపపత్తి పూర్తిచేయుట తక్కిన సగము. పోటీలో మార్కులు రెండవ సగమునకే హెచ్చు.

ఇతరులకు భారమై యుండుట రామానుజునకు రుచింపలేదు. 1912వ సంవత్సరము మార్చి 1వ తేదీన మదరాసు పోర్టుట్రస్టు కార్యాలయమున నెలకు ముప్పది రూపాయల జీతముపై గుమాస్తాగ చేరెను. అచ్చటి ప్రధానగణకులగు నారాయణయ్యరుగారును, అధ్యక్షులగు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు దొరగారును ఆతని విద్యనెఱిగి ప్రోత్సహించిరి. 1913 జనవరి 16వ తేదీన కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు తన ఫలితములను జాబుగ పంపెను. హార్డీ తన మిత్రుడగు లిటిల్‌వుడ్‌తో కూడి వానిని పరీక్షించి, పంపినవాడు అసామాన్యుడని నిశ్చయించెను. ఈ హార్డీ 1898లో ట్రైపాస్ పరీక్షయందు నాలుగవ స్థానము పొందినవాడే. అట్లయ్యును, వరుసస్థానముల కొఱకు విద్యార్థులను ఏండ్లతరబడి తోముట గణితమునకు హానియని తలచి, ఆ వరుసస్థానములను తీసివేయించుటకు పాటుపడినవాడు. 1909తో అవి అంతరించినవి. పోటీలో నెగ్గినవాడే పోటీయందలి లోపమును చెప్పుట గమనింపదగినది. పోటీ విద్యకు ద్వారము, ద్వారమునందే కాపురముండరాదు.

1913లో మదరాసు విశ్వవిద్యాలయము నెలకు డెబ్బదియైదు రూపాయల వేతనమిచ్చెను. 1914 ఆరంభమున నెవిల్ అను కేంబ్రిడ్జి పండితుడు మదరాసునకు వచ్చి నచ్చచెప్పగా, సంవత్సరమునకు 250 పౌనుల వేతనముతో రామానుజుడు మార్చి 17వ తేదీన ఓడయెక్కెను. అచ్చట హార్డీ గుర్తించిన దేమనగా, ఈతనికి ఉపపత్తి యనగా నేమో స్పష్టముగ తెలియదు. ప్రధానసంఖ్యలను గూర్చి జాబులో వ్రాసిన కొన్ని ఫలితములు తప్పులు. ఏడేండ్లు గురువులేక చదివినదాని ఫలమిది. హార్డీ ఆతని ఉత్సాహము చెడకుండ, లోపములను మెల్లగ పూరించెను. 1916లో పరిశోధనకుగాను పట్టమును, 1918 మే నెలలో రాయల్ సొసైటీ సభ్యత్వమును, అక్టోబరులో ట్రినిటీ కళాశాల ఫెలోపదవియు లభించినవి. రెండుసార్లు ఎఫ్.ఏ. తప్పినవాని వయస్సు అప్పటికి ముప్పదియేండ్లు.

యుద్ధకాలపు కొఱతయు, శీతలదేశమున శాకాహార నియమమును, ఎడతెగని శ్రమయు 1917 నుండి ఆతని ఆరోగ్యమును క్రుంగదీసినవి. 1919 మార్చిలో స్వదేశమునకు మరలివచ్చెను. మరణశయ్యపై సైతము గణితమును విడువలేదు. 1920వ సంవత్సరము ఏప్రిలు 26వ తేదీన మదరాసు చేట్‌పట్టున పరమపదించెను. చివరికాలమున వ్రాసిన కాగితములు కేంబ్రిడ్జి గ్రంథాలయమున మఱుగుపడియుండి, 1976లో ఆండ్రూస్ అను పండితుని కంటబడినవి. ఆతని పుస్తకముల ప్రతిబింబములను 1957లో టాటా పరిశోధనసంస్థ ముద్రించినది. 2012 నుండి ఆతని జన్మదినము జాతీయ గణితదినముగ జరుపబడుచున్నది.

ఇక మన కర్తవ్యము. విద్యానిధులనుండి సహాయము సాధారణముగ పరీక్షలలో మొదటి స్థానములు వచ్చినవారికే యిచ్చుట లోకమున వాడుక. ఆ నియమమునే పట్టుకొనియున్నచో రామచంద్రరావుగారు రామానుజునకు ఒక్క రూపాయియు ఇయ్యజాలరు. వారు మార్కులపట్టికను చూడలేదు. పిల్లవాని పుస్తకమును చూచిరి. మొదట బోధపడకున్నను నాలుగుమార్లు విని తెలిసికొనిరి. మన దాతలును అట్లే చేయవలెనని మా ప్రార్థన. పదునాఱేండ్ల పిల్లవాడు గణితపు నోటుపుస్తకముతో వచ్చినచో, వయస్సు మించినదని పంపివేయక, గణితము తెలిసిన ఒకరియొద్దకు వానిని చేర్చుడు. వాని గ్రంథములకును, పరీక్షకేంద్రమునకు పోవు బస్సుకూలికిని అగు వ్యయము స్వల్పమే. పోటీలో వాడు నెగ్గకపోవచ్చును. ఐనను నిజముగ ఆలోచించుట నేర్చిన పిల్లవాడొకడు మనకు మిగులును.

ఇబ్రహీం కుతుబ్‌షా కాలమునాటిదగు మన పెద్దచెరువును చూడుడు. కట్ట పోయించినవారు వాన వచ్చిన తరువాత పని మొదలుపెట్టలేదు. రామానుజునకు నెల్లూరిలో ఏడేండ్లకు దొరకిన ఆదరము, మన పిల్లవానికి ఇబ్రహీంపట్నమున ఆ సంవత్సరముననే దొరకునట్లు ఈ మహాసభ పూనుకొనుగాక.